మేడ ఎవరిది? సున్నం ఎవరిది?

నవాబుల నాటి మేడ అమ్మకానికొస్తే, దాన్ని బాగుచేసి నిలబెట్టే ఆసామి దొరికితే చాలు, చరిత్ర బతికినట్టేనంటారు. హైదరాబాదు ఫలక్‌నుమానే తీసుకోండి. పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టాడు. చివరికి ఆరో నిజాంకు వదులుకున్నాడు. ఏళ్ళ తరబడి మూతపడి, తాజ్ సంస్థ చేతికెళ్ళి, 2010లో హోటలుగా తెరుచుకుంది. రాళ్ళు బతికాయి. సంతోషమే.

అయితే ఎక్కడో ఉన్న ఆ మేడను చూపించి ఇక్కడ బందరు, గుడివాడ, దివిసీమల్లోని మమ్మల్ని 'నవాబుల వారసులు' అంటారు. ఏ మేడలో మాకు వాటా ఉంది?

బందరు అన్న మాటే పారశీకం. రేవు అని అర్థం. గోల్కొండ రాజ్యానికి అది సముద్రపు వాకిలి. 1611లో ఇంగ్లీషు కంపెనీ దిగిందీ అక్కడే. ఆ ఓడలకెక్కిన కలంకారీ గుడ్డల మీద రంగులద్దిన చేతులు ఏ దస్తావేజులో ఉన్నాయి? ఊరూరా దూది ఏకి పరుపులు కుట్టిన మా నూర్‌బాషాలు ఏ మేడలో పడుకున్నారు? 1864 ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మందిని మింగింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది. సముద్రం ఎవరినీ మతం అడగలేదు. అడిగేది మనుషులే.

మేడలు కొనేవాళ్ళు కొనండి, బాగుచేయండి. కట్టించినవాడి పేరూ, కొన్నవాడి పేరూ చెక్కించే రాతిపలక మీద, సున్నం నూరినవాళ్ళకూ రాళ్ళు మోసినవాళ్ళకూ ఒక వరుస వదలండి. మేము వారసులమైతే ఆ వరుసకే.