సంగటి బలమా? కేలరీల లెక్కా?

కృష్ణగిరి జిల్లాలోని బర్గూరు ప్రాంతం తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే సరిహద్దు సీమ. భాషలు వేరైనా ఇక్కడి మెట్టపొలాల తిండి ఒక్కటే. తెలుగువారి సంగటి, తమిళుల కళి, కన్నడిగుల ముద్ద అన్నీ రాగిపిండితో వండేవే. చౌకధర దుకాణపు బియ్యం ఇంటింటికీ చేరిన తరువాత అనేక కుటుంబాలలో సంగటి నిత్యభోజనం నుండి తప్పుకొన్నది. మరోవైపు, ఒళ్ళు తగ్గాలనుకునే యువతరం కేలరీల లెక్క మొదలుపెట్టింది. ఆరోగ్యానికి ఆ లెక్క ఒక్కటే చాలునా?

కేలరీ అంటే ఏమిటి?

ఆహారం నుండి శరీరానికి లభించే శక్తికి కొలత కేలరీ. పిండిపదార్థాలు, మాంసకృత్తులు గ్రాముకు సుమారు 4 కేలరీలు, కొవ్వు 9 కేలరీలు ఇస్తాయి. ఖర్చు కాక మిగిలిన శక్తి కొవ్వుగా నిలువ ఉంటుంది. కనుక ఈ లెక్క అబద్ధం కాదు, అసంపూర్ణం మాత్రమే.

బియ్యం, రాగులు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో సుమారు 356 కేలరీలు, రాగులలో సుమారు 321 కేలరీలు ఉన్నాయి. తేడా పదోవంతు మాత్రమే. సున్నం సంగతి చూస్తే బియ్యంలో 8 మిల్లీగ్రాములైనా లేదు. రాగులలో 364 మిల్లీగ్రాములు ఉన్నది. పీచు బియ్యంలో 3 గ్రాముల లోపు, రాగులలో 11 గ్రాములు. కేలరీలు మాత్రమే చూసేవారికి ఈ తేడా కనబడదు.

పాత పాఠం, కొత్త పరీక్ష

కడుపు నిండినంత మాత్రాన ఒంటికి పోషణ అందినట్లు కాదని బెరిబెరి వ్యాధి లోకానికి నేర్పింది. 1890ల నాటికి జావా ద్వీపంలో ఐక్‌మన్ అనే వైద్యుడు, పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకు నరాల జబ్బు రావడం, తవుడు పెడితే నయం కావడం గమనించాడు. తవుడుతో పోయినది బి1 విటమిన్ అని తరువాత తేలింది. ఆ వ్యాధిపై పరిశోధనకే 1918లో నీలగిరులలోని కూనూరులో మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న కేంద్రం, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది.

2019లో అమెరికాలో 20 మందిపై ఒక పరీక్ష జరిగింది. రెండు వారాలు కర్మాగారాలలో తయారైన తిండి, రెండు వారాలు ఇంటివంట వంటి భోజనం పెట్టారు. వడ్డించిన కేలరీలు సమానమే. ఎంత కావాలంటే అంత తినవచ్చు. మొదటి రకం తిండితో వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిని, దాదాపు ఒక కిలో బరువు పెరిగారు. రెండవ దానితో అంతే తగ్గారు. తిండి గుణమే తినే పరిమాణాన్ని మార్చింది.

పాటించదగినవి

• సంగటి మంచిదని ఎంతైనా తినరాదు. పొలం దున్నిన తాతకు సరిపోయిన ముద్ద, కంపెనీలో కూర్చొని పనిచేసే మనుమడికి ఎక్కువే.

• మధుమేహం ఉన్నవారికి రాగిపిండి మందు కాదు. దానితోనూ రక్తంలో చక్కెర పెరుగుతుంది. చిన్న ముద్ద, ఎక్కువ ఆకుకూర, పప్పు కలిపి తినాలి. మాత్రలు మానరాదు.

• ఉలవలు, అనపగింజలు తోడైతే మాంసకృత్తులు అందుతాయి. 100 గ్రాముల ఉలవలలో అవి దాదాపు 22 గ్రాములు.

• రాగులను మొలకెత్తించి పిండి పట్టిస్తే, కూరలో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం వెంటనే టీ తాగితే ఆ లాభం తగ్గుతుంది. రక్తహీనత ఉన్న స్త్రీలు ఇది మరువరాదు.

• పిల్లలకు బిస్కట్టు పొట్లాలకు బదులు వేరుశనగలు, అరటిపండు, రాగిజావ ఇవ్వవచ్చు.

తినేది ఏమిటో ముందు చూడాలి, ఎంతో తరువాత చూడాలి. ఈ రెండింటిలో ఏది విడిచినా లెక్క తప్పుతుంది.