హిజ్లీలో ప్రాంతానికి చోటుంది, ఓటుకు లేదు

ఖరగ్‌పూర్ శివారులోని హిజ్లీలో 1930లో బ్రిటిష్ ప్రభుత్వం రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరాన్ని తెరిచింది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. విచారణ లేకుండా మనుషులను బంధించిన ఆ భవనంలోనే 1951లో దేశపు తొలి ఐఐటీ ఆరంభమైంది.

దాని పాలకమండలిలో ఎవరుండాలి? 1961 నాటి చట్టం ప్రకారం అధ్యక్షుణ్ణి విజిటర్ హోదాలో రాష్ట్రపతి నామినేట్ చేస్తారు. డైరెక్టర్ పదవిరీత్యా సభ్యుడు. కౌన్సిల్ నలుగురిని, సెనేట్ ఇద్దరు ప్రొఫెసర్లను పంపుతాయి. సంస్థ ఉన్న జోన్‌లోని ప్రతి రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్కరిని నామినేట్ చేస్తుంది. ప్రాంతానికి చోటు దక్కింది గాని, అది ప్రభుత్వాల ద్వారానే.

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ ట్రస్టీలను స్థానిక ఓటర్లే ఎన్నుకుంటారు. జిల్లా మొత్తం ఒకే నియోజకవర్గమైతే అల్పసంఖ్యాకుల ఓటు మునిగిపోతుందన్న విమర్శ నుంచి 2002లో ఓటింగ్ హక్కుల చట్టం వచ్చింది. ఆపై అనేక జిల్లాలు ప్రాంతాలవారీ ఎన్నికలకు మారాయి.

రైల్వే కొలువులకై వలసవచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉన్నాయి. వారు వార్డు కౌన్సిలర్‌ను ఎన్నుకోగలరు. పక్కనున్న విద్యాసంస్థ పాలకుణ్ణి కాదు. జాతీయ సంస్థను ఊరి ఓటుతో నడపలేమన్న వాదన సబబే. మరి ఊరి పిల్లలే చదివే డిగ్రీ కళాశాల మాటేమిటి? అక్కడ కూడా నామినేషనే న్యాయమని ఎలా సమర్థించుకుంటాం?