ఏడీహెచ్‌డీ రూపాలు – తోటిపిల్లలతో పోలిక

వయసుకు తగిన ధ్యాస, నిలకడ కుదరని స్థితి ఏడీహెచ్‌డీ. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1994లో దీన్ని మూడు రకాలుగా విడదీసింది: ధ్యాసలోపం ఎక్కువగా ఉన్నది, అతిచురుకుదనం–తొందరపాటు ఎక్కువగా ఉన్నది, రెండూ కలిసిన మిశ్రమం. ఒకే బిడ్డలో వయసుతోపాటు ఇవి మారుతుంటాయి గనుక 2013 నుంచి 'రూపాలు' అంటున్నారు.

పరధ్యానం, గంతులు ఏ పిల్లల్లోనైనా ఉండేవే. తేడా మోతాదులో ఉంది. ధ్యాసలోపానికి, అతిచురుకుదనం–తొందరపాటుకు వేర్వేరు లక్షణాల జాబితాలున్నాయి. పిల్లల్లో ఏదో ఒక జాబితాలోని 9 లక్షణాల్లో కనీసం 6, ఆరు నెలలైనా, ఇల్లు, బడి వంటి రెండు చోట్ల కనిపించాలి. 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి.

తోటిపిల్లల మధ్య ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. వంతు రాకముందే బ్యాటు లాక్కునే మిశ్రమ రూపం పిల్లవాణ్ని మిగతావాళ్లు ఆటలోంచి తరిమేస్తారు. అమెరికాలో 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలాంటి పిల్లల్లో సగానికి పైగా మంది తరగతిలో తోటివాళ్లు దూరం పెట్టినవారిగా తేలారు. మనసు కలుక్కుమనే సంగతి ఇది. ధ్యాసలోపం ఉన్న పిల్లది మరో కథ. ఆట నియమాలు చెబుతుంటే ఆమె చూపు గోడమీది పిట్టమీద ఉంటుంది. ఆమెను ఎవరూ తరమరు, పిలవరు కూడా. అల్లరి లేదు కదా అని పెద్దలూ ఊరుకుంటారు. అందుకే ముఖ్యంగా ఆడపిల్లల్లో, పై తరగతుల్లో చదువు బరువెక్కేదాకా ఇది తరచూ బయటపడదు.