చిన్న కారులో పెద్ద ఇంజను: కోబ్రా చరిత్ర

కారు వేగంగా పోవలెనంటే దానికి పెద్ద ఇంజను పెట్టితే చాలునని పలువురి అభిప్రాయం. ఇది సగం మాత్రమే నిజం. ఎడ్లను విప్పి గుర్రాలను కట్టినంత మాత్రాన ఎద్దుబండి రథం కాజాలదు. ఇరుసు, చక్రాలు, పగ్గాలు అన్నీ ఆ పరుగుకు తట్టుకొనవలెను. 1962 - 1965 సంవత్సరాల మధ్య ఇంగ్లండు, అమెరికా దేశాల పనివారు కలిసి రూపొందించిన ‘కోబ్రా’ అనే పందెపు కారు చరిత్ర ఈ సంగతిని చక్కగా బోధిస్తుంది.

ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున ఉన్న థేమ్స్ డిట్టన్ అనే ఊరిలో ‘ఏ.సి.’ అనే చిన్న మోటారు కంపెనీ ఉండేది. అది 1953లో ‘ఏస్’ అనే రెండు సీట్ల కారును ప్రదర్శించినది. 3 అంగుళాల వ్యాసంగల రెండు ఉక్కు గొట్టాలు, వాటిని కలుపుతూ అడ్డగొట్టాలు - ఇదే దాని చట్రం. పైన అల్యూమినియం రేకు తొడుగు. కారు మొత్తం బరువు సుమారు 900 కిలోగ్రాములు మాత్రమే. మొదట దీనిలో కంపెనీవారి సొంత ఇంజనే ఉండేది. దాని నమూనా 1919 నాటిది. 1956 నుండి బ్రిస్టల్ కంపెనీవారి ఇంజనును కూడ అమర్చసాగినారు. దాని ఆరు సిలిండర్లలో ముషలకాలు కదలే చోటంతా కలిపితే సుమారు 2 లీటర్లు. ఇంజనును ‘2 లీటర్లది’ అనడంలో అర్థం ఇదే. అది సుమారు 125 అశ్వసామర్థ్యం ఇచ్చేది. కారు గంటకు సుమారు 188 కిలోమీటర్ల వేగం అందుకొనేది. అయితే 1961 నాటికి బ్రిస్టల్ కంపెనీ ఆ ఇంజను తయారీని విరమించినది. మంచి చట్రం ఉన్నది, దానికి తగిన ఇంజను లేదు.

ఈ సమయంలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన కారోల్ షెల్బీ ముందుకు వచ్చినాడు. ఇతడు 1959లో ఫ్రాన్సులో లె మాన్ 24 గంటల పోటీలో రాయ్ సాల్వడోరితో కలిసి గెలుపొందినవాడు. గుండెజబ్బు కారణంగా 1960లో పందెాలు మానుకొన్నవాడు. ఏస్ కారులో ఎనిమిది సిలిండర్ల అమెరికా ఇంజనును అమర్చవచ్చునా అని 1961 సెప్టెంబరులో ఏ.సి. కంపెనీకి ఉత్తరం వ్రాసినాడు.

ఈ ఆలోచన అంతకు పది సంవత్సరాల ముందు వచ్చి ఉంటే చాలా కష్టమయ్యేది. అప్పటి అమెరికా ఇంజన్లు శక్తి గలవే గాని మిక్కిలి బరువైనవి. ముందుభాగం బరువెక్కితే కారు మలుపులలో మొండికేస్తుంది. అయితే ఫోర్డ్ కంపెనీవారు పోత పద్ధతిని మెరుగుపరచి, పలుచని గోడలతో ఇనుప ఇంజను దిమ్మెను పోతపోయడం సాధించినారు. ఆ ఇంజను మొత్తం బరువు సుమారు 210 కిలోగ్రాములు. లోపలి ఘనపరిమాణం బ్రిస్టల్ ఇంజనుకు రెట్టింపుకు పైగా ఉన్నా, బరువులో తేడా స్వల్పమే. కోబ్రా పుట్టుకకు షెల్బీ సాహసం ఎంత కారణమో, పోతపని చేసేవారి నేర్పు కూడ అంత కారణం.

1962 ఫిబ్రవరిలో ఇంజను లేని ఏ.సి. కారు ఒకటి లాస్ ఏంజెలెస్ చేరినది. దానిలో 4.2 లీటర్ల ఫోర్డ్ ఇంజనును బిగించినారు. సామర్థ్యం 125 నుండి 260కి, అనగా రెట్టింపునకు పైగా పెరిగినది. మరి వేగం కూడ రెట్టింపయినదా? కాలేదు. గాలి కలిగించే నిరోధం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. దానిని జయించడానికి కావలసిన సామర్థ్యం వేగం యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 260ని 125తో భాగిస్తే 2.08, దాని ఘనమూలం సుమారు 1.28. పాత వేగమైన 188ని 1.28తో గుణిస్తే సుమారు 240 వస్తుంది. పరీక్షలలో కోబ్రా చూపిన వేగం ఇంచుమించు ఇదే. వేగం నాలుగవ వంతుకు కొంచెం మించి పెరగడానికి ఇంజను రెట్టింపు శక్తి ఇవ్వవలసి వచ్చినదన్నమాట.

లాభం మరొక విధంగా ఎక్కువ కనిపించినది. ఏస్‌లో ఒక్కొక్క అశ్వసామర్థ్యం 7 కిలోగ్రాములకు పైగా లాగవలసి ఉండగా, కోబ్రాలో 4 కిలోగ్రాములకు లోపే. అందువల్ల అది నిలిచిన చోటునుండి బాణంవలె దూసుకుపోయేది. కాని ఆ శక్తి ఇంజనులోనే ఉండిపోదు. ఒక్కొక్క భాగాన్నీ పరీక్షిస్తూ చక్రాలదాకా పోతుంది. అందుచేత వెనుక ఇరుసు గేర్లను మరింత బలమైనవిగా మార్చినారు. బ్రేకుల పనీ పెరిగినది. గతిజశక్తి వేగం యొక్క వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక, 188కి బదులు 240 కిలోమీటర్ల వేగంనుండి ఆపేటప్పుడు ప్రతి కిలోగ్రాము బరువుకూ సుమారు 63 శాతం అధికంగా వేడి పుడుతుంది. తర్వాత ఇంజను 4.7 లీటర్లదయినది. 1963లో పాత స్టీరింగును తీసివేసి, పళ్ళ కడ్డీపై చిన్న పళ్ళచక్రం తిరిగే కొత్త స్టీరింగును పెట్టినారు.

ఇంతటితో ఆగలేదు. 1964లో ఫ్లారిడా రాష్ట్రంలోని సెబ్రింగ్ పోటీకి ఆ చట్రంలోనే 7 లీటర్ల ఇంజనును ఇరికించినారు. కెన్ మైల్స్ అనే నేర్పరి నడుపుతుండగా సాధన సమయంలోనే అది చెట్టును గుద్దుకొన్నది. బాగుచేసి పోటీలో దించినా చివరివరకు నిలువలేదు. ఇక చట్రాన్నే మార్చవలసి వచ్చినది. 1965లో వచ్చిన కొత్త కారులో గొట్టాల వ్యాసం 4 అంగుళాలు. జట్కాలకు ఉండే కమానుపట్టీలవంటి పాత స్ప్రింగులకు బదులు చుట్ట స్ప్రింగులు వచ్చినవి. పేరు పాతదే గాని, కారు చాలావరకు కొత్తది.

ఇంత చేసినా ప్రపంచ స్థాయి విజయం ఈ పెద్ద ఇంజనుకు దక్కలేదు. నిబంధనల ప్రకారం తనిఖీ నాటికి కావలసిన 100 కార్లు సిద్ధం కానందున, ఆ తరగతి పోటీలకు దానికి అనుమతి లభించలేదు. విజయం తెచ్చినది 4.7 లీటర్ల ఇంజనే. పీటర్ బ్రాక్ అనే యువకుడు కారు పైకప్పును మూసి, తోకను కత్తిరించినట్లు తీర్చి, గాలి సాఫీగా జారిపోయే కొత్త తొడుగును రూపొందించినాడు. ‘డేటోనా’ అని పేరుపొందిన ఈ కారు 1964లో లె మాన్ పోటీలో తన తరగతిలో ప్రథమస్థానం, మొత్తంమీద నాలుగవస్థానం పొందినది. 1965లో 2 లీటర్లకు మించిన జి.టి. కార్ల తరగతిలో, అంతవరకు ఆధిక్యం వహించిన ఫెరారీని ఓడించి, ప్రపంచ తయారీదారుల బిరుదును సంపాదించినది. ఇంజనుకు శక్తి పెంచడం ఒక మార్గం. గాలి నిరోధాన్ని తగ్గించడం రెండవ మార్గం. రెండవదే గెలిపించినది.

1967లో ఆ కార్ల తయారీ ముగిసినది. అప్పటికి తయారైనవి సుమారు 1,000 మాత్రమే. యంత్రంలో ఒక భాగాన్ని మార్చినవాడు తక్కిన భాగాలన్నింటికీ జవాబు చెప్పుకొనవలెనన్నది కోబ్రా నేర్పే పాఠం. గతిజశక్తికి వర్గ సూత్రాన్నీ, గాలిని జయించే సామర్థ్యానికి ఘన సూత్రాన్నీ నల్లబల్లపై వ్రాసేటప్పుడు ఈ కారును తలచుకొంటే, అవి కేవలం అక్షరాలు కావని విద్యార్థులకు తేటపడుతుంది.