రోడియం పూత: తెల్లని మెరుపు కింద ఏ లోహం ఉందో అడిగి తెలుసుకోండి

"తెల్ల ఉంగరం కొన్నాం, రెండేళ్లకే పసుపు తేలింది, మోసపోయామా?" అని ఈమధ్య సంఘ సభ్యులు చాలామంది అడుగుతున్నారు. చాలావరకు అది మోసం కాదు, పైన వేసిన రోడియం పూత అరిగిపోవడమే. అయినా ఇది తేలిగ్గా వదిలేసే విషయం కాదు. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మానవి క్యాంపుల్లో స్థిరపడిన మన ఇళ్లలో ఒంటి మీది బంగారమే నాట్లకు పెట్టుబడి. కొనేటప్పుడు అడగని ప్రశ్నకు తాకట్టు పెట్టేటప్పుడు జవాబు వస్తుంది.

రోడియం ప్లాటినం కుటుంబంలోని లోహం. 1804లో ఇంగ్లండు శాస్త్రవేత్త విలియం హైడ్ వొలాస్టన్ ప్లాటినం ఖనిజం నుంచి దీన్ని వేరు చేశాడు. దీని లవణాలు గులాబీ రంగులో ఉంటాయి కనుక గులాబీని సూచించే గ్రీకు మాటతో పేరు పెట్టాడు. లోహం మాత్రం వెండిలా తెలుపు. గాలికి, చెమటకు నల్లబడదు. బంగారాన్ని కరిగించే రాజద్రావకం కూడా రోడియం ముద్దను కరిగించలేదు. ప్రపంచానికి కావలసిన రోడియంలో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా నుంచి వస్తుంది, ఎక్కువ భాగం కార్ల పొగను శుద్ధి చేసే పరికరాల్లోకి పోతుంది. నగల వాటా చిన్నది.

ధర మాట వినగానే కొందరు కంగారు పడతారు. 2021లో ఔన్సు రోడియం 29 వేల డాలర్లు దాటింది. అంటే గ్రాము దాదాపు 68 వేల రూపాయలు. అయితే నగ మీద ఎంత పడుతుందో లెక్క వేద్దాం. ఉంగరం లోపలా బయటా కలిపి 5 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. పూత మందం 0.2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదువేలవ వంతు. రోడియం సాంద్రత 12.4. గుణిస్తే వచ్చేది సుమారు 1.2 మిల్లీగ్రాములు. అంత ధర ఉన్న రోజున కూడా దాని విలువ వంద రూపాయలు లేదు. కనుక "రోడియం ఖరీదైన లోహమండీ" అని గ్రాము రేటు మీద ఎవరైనా అదనంగా వేస్తే ఈ లెక్క ముందు పెట్టండి. మనం ఇచ్చేది పనితనానికి, ద్రావణానికి, అంతే.

పని కూడా కొద్దిసేపటిదే. నగను మెరుగుపెట్టి, జిడ్డు పూర్తిగా పోయేలా కడిగి, రోడియం సల్ఫేటు ద్రావణంలో ముంచి రెండు మూడు వోల్టుల కరెంటు పంపుతారు. నిమిషం లోపే తెల్లబడుతుంది. జిడ్డు మిగిలితే పూత పట్టదు. గీతలు పడిన నగకు ముందు మెరుగు పెట్టకపోతే ఆ గీతలు అలాగే కనబడతాయి. ఉంగరానికి ఏడాది రెండేళ్లకు మళ్లీ వేయించాల్సి రావచ్చు, చెవి కమ్మలకు చాలా కాలం నిలుస్తుంది. ప్రతిసారీ మెరుగు పెట్టడంలో కొంచెం బంగారం పోతుంది, కాబట్టి మాటిమాటికీ వేయించడం లాభం కాదు.

మన జిల్లాలోనే హట్టి బంగారు గనులున్నాయి. అక్కడ తీసిన బంగారమైనా, ఇంకెక్కడిదైనా, దాని రంగు పసుపే. తెల్ల బంగారం గనిలో దొరకదు, కలిపి చేస్తారు. పల్లాడియం, నికెల్, వెండి వంటివి కలిపి 18 లేక 14 క్యారెట్లకు తెస్తారు. అలా కలిపినా లేత పసుపు ఛాయ మిగులుతుంది, దాన్ని కప్పడానికే రోడియం. 22 క్యారెట్లలో 91.6 శాతం బంగారమే, అది తెల్లబడేంత కలపడానికి చోటే లేదు. కాబట్టి 22 క్యారెట్ల గాజు మీద తెల్లని చెక్కుడు గీతలు కనిపిస్తే అది పైపూతే. గాజులు ఒకదానికొకటి రాసుకుని మొదట అక్కడే పసుపు తేలుతుంది. అందులో మోసం లేదు, బంగారం తగ్గలేదు.

తాకట్టు దగ్గర వచ్చే తేడా వేరు. 10 గ్రాముల 18 క్యారెట్ల నగలో అసలు బంగారం 7.5 గ్రాములే. 22 క్యారెట్లకు మార్చి లెక్కిస్తే సుమారు 8.2 గ్రాములు. అప్పు దాని మీదే వస్తుంది. మజూరీ, రోడియం, రాళ్లు లెక్కలోకి రావు. పెళ్లికి కొనే తెల్ల నగ సరదాకే అయితే ఇబ్బంది లేదు. ఆపద కాలానికి ఆసరా అనుకుని కొంటే మాత్రం పసుపు 22 క్యారెట్లే నయమని నా అభిప్రాయం.

"ప్లాటినం పాలిష్" అనే మాట దగ్గర జాగ్రత్త. అది రోడియం పూతకే కొందరు వాడే పేరు. అసలు ప్లాటినం నగ మీద పీటీ 950 అనే ముద్ర ఉంటుంది, చేతిలోకి తీసుకుంటేనే బరువు తెలుస్తుంది: అదే పరిమాణం వెండికి రెట్టింపు.

వెండిలో రోడియం నిజంగా ఉపయోగం. గాలిలోని గంధకం వల్ల వెండి నల్లబడుతుంది, పూత ఉన్నంతకాలం ఆ బాధ ఉండదు. కానీ మన ఆడవాళ్లకు వెండిని విభూతితోనో చింతపండుతోనో గట్టిగా తోమడం అలవాటు. రోడియం వేసిన వెండికి ఆ తోముడు పనికిరాదు, సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. నేలకు రాసుకునే మట్టెలకు అసలు రోడియం వేయించడమే దండగ. పూత అరిగిన చోట దురద వస్తే లోపల నికెల్ ఉందేమో అనుమానించాలి. కొందరి చర్మానికి నికెల్ పడదు.

గడియారాల్లో రోడియం ముళ్లకు, అంకెల గీతలకు, మంచి యంత్రాల్లో లోపలి ఇత్తడి పలకలకు వేస్తారు. అక్కడ ఒరిపిడి లేదు కనుక దశాబ్దాలు నిలుస్తుంది. స్టీలు కేసుకు దాని అవసరమే లేదు. ఖరీదైన కంపెనీలు "రోడియం డయల్" అంటే చాలాసార్లు ఆ ముదురు బూడిద రంగుకు పెట్టిన పేరు. బంగారు గడియారాలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు కనుక బిల్లులో క్యారెట్లు, బంగారం బరువు విడిగా రాయించుకోండి.

నగలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ ఉండాలి. చిన్న వస్తువులు, కుందన్, పోల్కీ వంటి వాటికి మినహాయింపు. తెల్ల నగ మీద 750 అని ఉంటే 18 క్యారెట్లు, 585 అయితే 14. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడే కొట్టి చూడవచ్చు. ముద్ర ఉన్నా స్వచ్ఛత తక్కువ తేలితే, తగ్గిన బంగారం విలువకు రెట్టింపు, పరీక్ష ఖర్చు ఇప్పించే నిబంధన ఉంది. బిల్లు పారేయకండి. అంగడివారు వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.