వెదురు విల్లు

క్రిందటి ఉగాది సభలో మన పిల్లలు అల్లూరి సీతారామరాజు నాటిక వేశారు. రాజు వేషం మా అబ్బాయిది. బజారులో కొన్న ప్లాస్టిక్ విల్లు వాడు రంగమెక్కక ముందే విరిగింది. దానికి దారం చుట్టి ఎట్లాగో నాటిక ముగించారు. మరుసటి సంతలో, గంపలూ చాటలూ అమ్ముకొనే ఒక కొండ తాతను వెదురు విల్లు చేసి తెమ్మని అడిగాను. రెండు వారాలకు ఒక విల్లు, మూడు బాణాలు తెచ్చాడు. మూడు వందలన్నాడు. నేను బేరమాడి రెండు వందలిచ్చాను. తరువాత ఊరికే ప్రక్కన కూర్చుండి, "దీన్ని ఎట్లా చేశావు తాతా?" అని అడిగాను. అతడు చెప్పినదంతా విన్నాక ఆ వంద తగ్గించినందుకు సిగ్గు కలిగింది. ఈ వ్యాసానికి కారణం అదే. మెట్రిక్‌తో చదువు చాలించి రైల్వే సరకుల ఆఫీసులో రసీదులు వ్రాసుకొనేవాణ్ణి. పండితులు తప్పులుంటే మన్నింతురు గాక.

వింటికి పనికివచ్చేది బోలు వెదురు కాదు. గట్టిగా, లోపల దాదాపు నిండుగా ఉండే సాధనపు వెదురు. లేతది వంగిన తరువాత తిరిగి లేవదు, మరీ ముదిరినది పగులుతుంది. వానలు వెనుకబట్టిన తరువాత కోస్తే పురుగు పట్టదు. బొంగును నిలువునా చీల్చి, పైతోలు చెడకుండా లోపలివైపు మాత్రమే కత్తితో చెక్కుతారు. వెదురు బలమంతా ఆ తోలు దగ్గరి నారలోనే ఉన్నది. నడుమ పిడికిలి పట్టేచోట మందంగా ఉంచి, రెండు కొసలకు పోనుపోను పలుచన చేస్తారు. ఒక చేయి ఎక్కువ వంగి రెండవది తక్కువ వంగితే బాణం గురి తప్పుతుంది. అందుచేత మాటిమాటికి మోకాలికి ఆనించి వంచి చూస్తూ, గోటిమందం చొప్పున గీకుతూ పోవాలి. ఎక్కువ గీకినదాన్ని తిరిగి అతికించలేము గదా! అల్లెత్రాడు కూడ వెదురు బద్దే. పని లేనప్పుడు అల్లె దించి ఉంచకపోతే విల్లు వంగినట్టే ఉండిపోయి సత్తువ కోల్పోతుంది.

బాణం పని ఇంకా ఓపికైనది. తేలికైన రెల్లు పుల్లను నిప్పుసెగకు కాచి, వేళ్ళతో వంకర తీసి, తోకవైపు ఈకలు నారతో కట్టాలి. ఆ ఈకలు గాలిని పట్టి తోకను వెనుకకు నిలపడంవల్లనే బాణం పల్టీకొట్టక తిన్నగా పోతుంది. పెద్ద వేటకు కమ్మరి చేసిన ఇనుప అలుగు. పిట్టలకు మాత్రం మొద్దు కొయ్యముక్క.

ఈ పనికి మన భాషలో ఎంత సంపద ఉన్నదో చూడండి. విల్లు, అమ్ము, అల్లె, నారి, కొప్పు, అలుగు, పింజ, అమ్ములపొది — అన్నీ తెలుగువారి నోట నలిగిన మాటలే. బాణపు తోకను పుంఖమంటారు. ఒక బాణం పుంఖాన్ని మరొకటి తాకేటంత వరుసగా వేస్తే అది "పుంఖానుపుంఖం". పత్రికలలో నిత్యం చదివే ఈ మాట విలుకాని మాట అని నేనీమధ్యనే గ్రహించాను.

మైసూరులో ఆర్. శ్యామశాస్త్రిగారు వెలికితీసి 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధశాలను గూర్చిన అధ్యాయం కలదు. తాటికర్ర, వెదురు, కలప, కొమ్ము — ఈ నాల్గింటితో విండ్లు చేస్తారని అందులో ఉన్నది. అల్లెత్రాటికి చాగ, జిల్లేడు, జనుము, వెదురు నారలు, జంతువుల నరాలు చెప్పబడినవి. క్రీ. పూ. 326లో అలెగ్జాండరు వెంట మన దేశానికి వచ్చిన నియార్కసు, ఇక్కడి విల్లు విలుకానంత పొడవుంటుందనీ, ఒక కొస నేలకు ఆనించి ఎడమకాలితో త్రొక్కి లాగుతారనీ వ్రాశాడు. రాజుల సైన్యాలనుండి తుపాకి విల్లును తరిమివేసింది. మన్యంలో మాత్రం అది నిలిచింది.

దానిమీద కూడ సర్కారు కన్ను పడింది. 1878 నాటి ఆయుధాల చట్టం "ఆయుధము" అనే మాటకు అర్థం చెబుతూ విల్లంబులను కూడ చేర్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు వ్యవసాయానికీ, అడవి సరకుకూ అడ్డుపడింది. ఈ రెంటి నడుమ, 1879లో రంప తిరుగుబాటు జరిగింది. కల్లుమీద వేసిన చిగురుపన్ను ఒక కారణం. పల్లపు వర్తకులు కాగితాలు వ్రాయించుకొని, కోర్టులకు లాగి కొండవారి సొత్తు కాజేయడం మరొకటి. ఆ వర్తకులు ఎక్కువగా మన తెలుగువారే. ఇది ఉగాదినాడు చెప్పదగిన మాట కాదని కొందరంటారేమో. నిజమైన మాట ఏనాడైనా చెప్పవచ్చునని నా మనవి.

సీతారామరాజు విల్లు పట్టిన బొమ్మ ప్రతి ఊరిలోను కలదు. కాని విల్లుతో తుపాకిని గెలవలేమని ఆయనకు తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై పడి 26 తుపాకులు తీసుకొన్నాడు. తీసుకొన్నవాటిని స్టేషను పుస్తకంలో వ్రాయించి సంతకం చేశాడంటారు. గుమాస్తానైన నాకు అది మిక్కిలి నచ్చిన సంగతి. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. ఆయన పోరాడినది వింటికోసం కాదు, ఆ వెదురు పెరిగే అడవిపై కొండవాని హక్కు కోసం.

ఆ హక్కు కాగితంమీదికి రావడానికి ఎన్నో ఏండ్లు పట్టింది. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కించింది. తమ ఇంటి వెనుక వెదురు కోయడానికే కొండవారు భయపడుతుంటే, వెదురు బండ్లకొద్దీ కాగితపు మిల్లులకు చేరింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును వారు సేకరించి అమ్ముకోదగిన చిన్న అటవీ ఫలసాయంలో చేర్చింది. 1972 వన్యప్రాణి చట్టంతో వేటకు విల్లు అవసరం తీరింది. అయినా చైత్రమాసంలో, అంటే మన ఉగాది రోజులలోనే, విశాఖ మన్యంవారు ఇటుకల పండుగకు, కోరాపుటు వైపువారు చైత్రపర్వానికి విల్లంబులు బయటికి తీస్తారు. 1936 ఏప్రిల్ 1కి పూర్వం ఈ రెండు వైపులూ విశాఖపట్నం జిల్లాలోనివే. మనం పొరుగునుండి వచ్చినవారమైతే, వారు మనకు ముందునుంచీ ఉన్నవారు.

మరుసటి సంతలో ఆ వంద రూపాయలు తాతకిచ్చాను. లెక్క చూసుకొని మొలలో దోపుకొన్నాడు, ఏమీ అనలేదు. అనవలసినది కూడ ఏముంది? అది ఆయన కూలి.

సంఘం పెద్దలకు చిన్న విన్నపం. ఈసారి పిల్లల నాటికకు కావలసిన విండ్లు సంతలోనే చేయించండి. వారు చెప్పిన ధరే ఇవ్వండి. మా అబ్బాయి తన వింటికి అల్లె దించి గోడకు తగిలించాడు. పిల్లలందరికీ దాని కథ తెలియునుగాక. సోదర సోదరీమణులందరికీ ఉగాది శుభాకాంక్షలు.