ఐస్, నీళ్లు, ఇసుక, బట్ట.. అన్నీ టచ్‌స్క్రీన్లే! మరి తడి చేతికి ఫోన్ ఎందుకు మొరాయిస్తుంది?

రొయ్యల చెరువు గట్టు మీద మేత వేసిన చేత్తోనే ఫోన్ తీసి చూడండి. ఒక అంకె నొక్కితే ఇంకోటి పడుతుంది. ఒక యాప్ తెరవబోతే పక్కది తెరుచుకుంటుంది. చెయ్యి లుంగీకి తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. పాలకొల్లు, భీమవరం, నరసాపురం వైపు ఇది రోజూ ఉండే తలనొప్పే. ఏరియేటర్ నడుస్తోందో లేదో చూడాలన్నా, రొయ్య రేటు కనుక్కోవాలన్నా, ఎవరికైనా డబ్బులు పంపాలన్నా అన్నీ ఆ గాజు పలక మీదే కదా.

విచిత్రం ఏంటంటే, ఫోన్‌కి పడని ఆ నీళ్లనే కొన్ని ల్యాబుల్లో ఏకంగా టచ్‌స్క్రీన్‌గా మార్చేశారు. నీళ్లే కాదు.. నదిలో గడ్డకట్టిన ఐస్, ఇసుక, సాగే బట్ట, చివరికి మనిషి చర్మం కూడా. ఇదెలా సాధ్యమైందో తెలియాలంటే ముందు మన ఫోన్ సంగతి చూడాలి.

స్క్రీన్‌కి మన వేలు ఎలా తెలుస్తుంది?

ఫోన్ గాజు కింద కంటికి కనిపించనంత పల్చటి పొర ఒకటి ఉంటుంది. దాని పేరు ఇండియం టిన్ ఆక్సైడ్. కరెంటు పారుతుంది, వెలుతురునూ వెళ్లనిస్తుంది. ఆ పొరలో అడ్డంగా, నిలువుగా గీతలుంటాయి. వాటి మధ్య కొద్దిపాటి విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన ఒంట్లో ఉన్నది ఎక్కువగా ఉప్పు కలిసిన నీరే కాబట్టి, వేలు దగ్గరికి రాగానే ఆ క్షేత్రంలో కొంత వేలి వైపు లాగేస్తుంది. ఏ అడ్డగీత, ఏ నిలువుగీత కలిసే చోట తేడా వచ్చిందో చిప్ లెక్కేస్తుంది. అంతే, అదే టచ్.

అంటే ఫోన్‌కి కావాల్సింది వేలు కాదు, వేలిలా కరెంటుతో స్పందించే వస్తువు. ఇంట్లోనే చూసుకోవచ్చు. అగ్గిపుల్లతో స్క్రీన్ మీద గీస్తే కదలదు. స్టీలు చెంచాని చేత్తో పట్టుకుని దాని వెనక భాగం మెల్లగా ఆనించండి, చాలాసార్లు పనిచేస్తుంది. ఒలిచిన అరటిపండుతోనూ పనవుతుంది (స్క్రీన్ తుడుచుకునే బాధ్యత మీదే). 2010 చలికాలంలో దక్షిణ కొరియాలో జనం గ్లోవ్స్ తీయకుండా సాసేజ్‌లతో ఫోన్లు వాడుతున్నారని వార్తలొచ్చాయి. అప్పట్లో జోక్‌గా చూశారు గానీ, అందులో సైన్స్ కరెక్టే.

తడి చేతితో చిక్కు కూడా ఇక్కడే వస్తుంది. స్క్రీన్ మీద పడిన నీటిబొట్టు కూడా ఆ క్షేత్రాన్ని మార్చేస్తుంది. వేలెక్కడుందో, నీళ్లెక్కడున్నాయో చిప్ తేల్చుకోలేదు. చెరువు నీటిలో ఉప్పు ఉంటుంది కాబట్టి అది ఇంకా బాగా కరెంటు పట్టుకుంటుంది. ఆక్వా రైతుల ఫోన్లు మరీ ఎక్కువగా పిచ్చి చేష్టలు చేయడానికి కారణం ఇదే.

కరెంటు వద్దు, కెమెరా చాలు

వింత వస్తువులతో చేసిన డిస్‌ప్లేలు చాలావరకు ఈ కరెంటు లెక్కని పక్కనపెట్టేశాయి. బొమ్మని ప్రొజెక్టర్ వేస్తుంది. చెయ్యి ఎక్కడుందో కెమెరా చూస్తుంది. తెర దేనితో చేసినా ఫర్వాలేదు.

గోదావరి జిల్లాల వాళ్లకి దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఉంటుంది. బొమ్మ తెరకి ఆనితే నీడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, వెనక్కి జరిపితే మసకబారుతుంది. టచ్ డిస్‌ప్లేలో కూడా తెర వెనక నుంచి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేస్తారు. మన చెయ్యి తెరకి దగ్గరైన కొద్దీ కెమెరాకి ఆ చోటు స్పష్టంగా తెలుస్తుంది. చెయ్యి ఆనిందా, దూరంగా ఉందా అన్నది కంప్యూటర్ దాన్నిబట్టే తేల్చేస్తుంది.

ఫిన్లాండ్‌లో నోకియా పరిశోధకులు 2010లో చేసింది ఇదే. నదిలో గడ్డకట్టిన ఐస్‌ని దిమ్మెలుగా కోసి, దాదాపు 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు గోడ కట్టారు. వెనక ప్రొజెక్టర్లు, కెమెరాలు పెట్టారు. ఐస్ మీద చెయ్యి పెడితే ఆ చోట మంట లేచినట్టు బొమ్మ కనిపించేది. ఎండాకాలంలో మన దగ్గర ఆ గోడ ఎన్ని నిమిషాలు నిలబడుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక నీళ్ల సంగతి. టోక్యోలోని యూనివర్సిటీ ఆఫ్ ఎలక్ట్రో-కమ్యూనికేషన్స్‌లో ఆక్వాటాప్ అనే ప్రయోగం జరిగింది. స్నానాల తొట్టిలో నీళ్లకి పొడి కలిపి తెల్లగా చేశారు. పైనుంచి ప్రొజెక్టర్ బొమ్మలు వేస్తుంది, డెప్త్ కెమెరా చేతుల్ని గమనిస్తుంది. నీళ్లలోంచి వేలు పైకి తేలితే ఒక ఆదేశం, రెండు చేతులతో నీళ్లు దోసిట్లోకి తీసుకుంటే బొమ్మ కూడా దోసిట్లోకే వస్తుంది. నీటి అడుగున స్పీకర్లు పెట్టి, గేమ్‌లో పేలుడు జరిగినప్పుడు నిజంగానే నీళ్లు చిమ్మేలా చేశారు. ఇక్కడ చెయ్యి తడిగా ఉండటం సమస్యే కాదు, ఉండాల్సిందే.

తెర మీద నొక్కితే కాలం కదిలింది

అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన పాలకొల్లుకి తెర గురించి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ తెరలోకి చెయ్యి పెట్టి సినిమాని నెట్టడం మాత్రం కొత్తే. టోక్యో యూనివర్సిటీలో అల్వారో కాసినెల్లి 2005 ప్రాంతంలో చేసిన క్రోనోస్ ప్రొజెక్టర్‌లో తెర సాగే బట్టతో ఉంటుంది. దాన్ని ఎక్కడ నొక్కితే అక్కడ మాత్రమే వీడియో ముందుకో వెనక్కో జరుగుతుంది. పగటి పూట నగరం కనిపిస్తుంటే, అరచేత్తో నొక్కిన చోట రాత్రి అవుతుంది. ఎంత లోతుగా నొక్కితే అంత దూరం కాలం కదులుతుంది. గాజు మీద ఈ పని కుదరదు, ఎందుకంటే గాజుకి లోతు లేదు.

2012లో న్యూయార్క్‌లో ఆరన్ షేర్‌వుడ్, మైక్ అలిసన్ చేసిన ఫైర్‌వాల్ కూడా ఇదే బాపతు. లెగ్గింగ్స్‌లో వాడే సాగే బట్టని ఫ్రేమ్‌కి బిగించారు. నొక్కితే మంటల్లాంటి బొమ్మలు వస్తాయి, నొక్కే లోతునిబట్టి సంగీతం వేగం మారుతుంది.

డెల్టాకి పనికొచ్చేది ఇసుక పెట్టె

వీటిలో ఎక్కువ భాగం ఎగ్జిబిషన్‌లో చూసి ఆహా అనుకునేవే. ఒక్కటి మాత్రం అలా కాదు. అదే ఏఆర్ శాండ్‌బాక్స్. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్‌కి చెందిన ఆలివర్ క్రేలోస్ దీని సాఫ్ట్‌వేర్ రాశారు. పెట్టె సైజు 40 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు. అందులో దాదాపు 90 కిలోల ఇసుక పోస్తారు (మన దగ్గర ఇసుక దొరకడం ఎంత తేలికో అందరికీ తెలిసిందే). పైన కినెక్ట్ కెమెరా, దాని పక్కన ప్రొజెక్టర్.

కెమెరా ఇసుక ఎత్తుపల్లాల్ని క్షణక్షణం కొలుస్తుంది. ఇసుకని కుప్ప చేస్తే అది కొండ రంగుకి మారుతుంది, చుట్టూ మ్యాపుల్లో ఉండే ఎత్తు గీతలు వచ్చేస్తాయి. గుంట తీస్తే నీలం రంగు. అసలు మజా తర్వాత ఉంది. పెట్టె మీద గాలిలో అరచెయ్యి చాపితే ఆ చెయ్యి మేఘమైపోతుంది, కింద వాన పడుతుంది. ఆ నీళ్లు పల్లం వెతుక్కుంటూ పారతాయి. ఇదేదో ముందే గీసిపెట్టిన బొమ్మ కాదు. నీటి ప్రవాహాన్ని లెక్కించే సమీకరణాలతో కంప్యూటర్ అప్పటికప్పుడు వేసే లెక్క. మధ్యలో వేలితో కాలువ తీస్తే నీళ్లు అటు మళ్లుతాయి. గట్టు పోస్తే ఆగుతాయి, గట్టు తెగితే ఊరి మీద పడతాయి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలువలు పొలాలకి నీళ్లు తెచ్చాయి. వాటిని బయటికి పంపాల్సింది నక్కల, కాజ డ్రెయిన్ల లాంటివి. డ్రెయిన్ పూడితే, గట్టు అడ్డొస్తే, చెరువు తవ్వి దారి మూసేస్తే వరి చేను మునుగుతుంది. ఎవరి చెరువు వల్ల ఎవరి చేలో నీళ్లు నిలిచాయన్నది ఊళ్లల్లో ఏళ్ల తరబడి నడిచే తగాదా. కాగితం మీద మ్యాప్ చూపిస్తే అందరికీ అర్థం కాదు. ఇసుకలో చేత్తో గట్టు పోసి, నీళ్లు ఎటు తిరిగాయో చూస్తే ఐదో క్లాసు పిల్లాడికీ తెలుస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఇది వరద హెచ్చరిక యంత్రం కాదు. డెల్టా నేల దాదాపు బల్లపరుపు. కొద్దిపాటి ఎత్తు తేడాతోనే నీళ్ల దారి మారిపోతుంది. పెట్టెలో అది కనిపించాలంటే ఎత్తుల్ని చాలా పెంచి చూపించాలి. నీళ్లు ఎలా ప్రవర్తిస్తాయో నేర్పడానికి ఇది బ్రహ్మాండం, ఫలానా సర్వే నంబర్ మునుగుతుందా అని అడిగితే మాత్రం జవాబివ్వదు.

సాఫ్ట్‌వేర్ ఉచితమే, కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. చాలా దేశాల్లో మ్యూజియాలు, స్కూళ్లు సొంతంగా కట్టుకున్నాయి. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కావాలి. కినెక్ట్‌తోనే కొంచెం ఇబ్బంది. మైక్రోసాఫ్ట్ 2017లో దాని తయారీ ఆపేసింది, పాతవి వెతుక్కోవాలి.

దారం, రంగు, చర్మం

కెమెరా లేకుండా, కరెంటు పద్ధతినే కొత్త వస్తువుల మీదికి తెచ్చినవాళ్లూ ఉన్నారు. 2017లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు ఎలక్ట్రిక్ పేరుతో ఒక పద్ధతి చూపించారు. కార్బన్ కలిసిన రంగుని వస్తువు మీద స్ప్రే చేసి, అంచుల్లో మాత్రం ఎలక్ట్రోడ్లు పెడతారు. గోడ, గిటార్, చివరికి జెల్లీ కూడా వేలిని గుర్తుపట్టింది. తేడా ఒక సెంటీమీటర్ దాకా ఉంటుంది. లైటు స్విచ్‌కి చాలు గానీ, టైపింగ్‌కి చాలదు.

2018లో జర్మనీలోని సార్‌లాండ్ యూనివర్సిటీ నుంచి మల్టీ-టచ్ స్కిన్ పరిశోధన వచ్చింది. ఆ పేపర్‌లో మొదటి పేరు ఆదిత్య శేఖర్ నిట్టల. టాటూలా చర్మానికి అంటుకునే పల్చటి టచ్ సెన్సర్ అది. శరీరంలో ఏ భాగానికి కావాలంటే ఆ ఆకారంలో చేసుకోవచ్చు.

బట్ట విషయానికొస్తే, గూగుల్ జకార్డ్ ప్రాజెక్టులో సన్నటి లోహపు తీగని మామూలు దారంతో పేని నేశారు. 2017లో లెవీస్ జాకెట్‌గా మార్కెట్లోకి వచ్చింది, ధర 350 డాలర్లు. మణికట్టు దగ్గర నిమిరితే పాట మారుతుంది. 2023లో ఆ యాప్ సపోర్ట్ ఆపేశారు. సెన్సర్ నేత పనిలోనే ఉంటుందని మాత్రం ఆ జాకెట్ రుజువు చేసింది. 2024లో జీఐ గుర్తింపు వచ్చిన నరసాపురం లేసు పాలకొల్లుకి కూతవేటు దూరంలోనే తయారవుతుంది. కాటన్ దారం బదులు కరెంటు పట్టే దారంతో అల్లితే అదే అల్లిక టచ్ ప్యాడ్‌గా పనిచేయడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

మరి చెరువు గట్టు మీద ఫోన్ సంగతేంటి?

ఇవేవీ రేపటికి జేబులోకి రావు. కెమెరా పద్ధతికి ఎండ పెద్ద శత్రువు, సూర్యుడి వెలుతురులోని ఇన్‌ఫ్రారెడ్ మొత్తం లెక్క తప్పిస్తుంది. చెరువు గట్టు మీద ఉండేదేమో ఎండే.

తడి చేతికి, గ్లోవ్‌కి, చివరికి అగ్గిపుల్లకి కూడా పలికే స్క్రీన్ నిజానికి పాతదే. దాని పేరు రెసిస్టివ్. 1970లలోనే వచ్చింది. రెండు పొరల మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది, నొక్కితే పొరలు కలుస్తాయి. కరెంటు పట్టే వేలుతో పని లేదు, బరువు పడితే చాలు. 2007లో ఐఫోన్ వచ్చాక, మెత్తగా రాసే వేలికి పలికే కెపాసిటివ్ గాజే అందరికీ నచ్చి, ఇది ఫోన్ల నుంచి మెల్లగా మాయమైంది. కొన్ని ఫ్యాక్టరీ మెషీన్ల ప్యానెళ్లలో ఇప్పటికీ ఉంది.

ఇప్పటికైతే చేతిలో ఉన్న ఫోన్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి టచ్ సెన్సిటివిటీ లేదా గ్లోవ్ మోడ్ ఉందేమో చూడండి. అది గ్లోవ్స్‌కి పనికొస్తుంది గానీ నీళ్లకి కాదు, తడి స్క్రీన్ మీద ఆన్ చేస్తే తప్పుడు టచ్‌లు ఇంకా పెరగొచ్చు. వన్‌ప్లస్ లాంటి కంపెనీలు తడి వేలిని గుర్తుపట్టే ఫీచర్‌ని కొన్ని మోడళ్లలో ఇస్తున్నాయి. అవేవీ లేకపోతే కాల్స్‌కి, మెసేజ్‌లకి వాయిస్ వాడుకోవడం మేలు. డబ్బులు పంపేటప్పుడు మాత్రం స్క్రీన్, వేలు రెండూ పొడిగా తుడుచుకున్నాకే అంకెలు కొట్టండి.